సంచిలో రెండు టేపులు

పల్లెలో ఆరోగ్య కార్యకర్తకు రెండు టేపులతో పని పడుతుంది. ఒకటి పసిపిల్లల జబ్బకు చుట్టేది. దాని మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గీతలుంటాయి. పదకొండున్నర సెంటీమీటర్ల లోపు వస్తే ఎరుపు. ఆ బిడ్డ ఒళ్ళు ప్రమాదకరంగా చిక్కిపోయినట్టు. రెండోది దర్జీ మెడలో వేలాడే టేపులాంటిదే. ముప్పై దాటినవాళ్ళ నడుము కొలవడానికి. ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు, మగవాళ్ళకు 90 దాటితే ఆమె చేతిలోని ఫారంలో మార్కు పడుతుంది. వయసు, పొగ, మందు, ఇంట్లో షుగరు, ఒళ్ళు కదిలే పని, అన్నిటి మార్కులూ కలిపి నాలుగు దాటితే వాళ్ళను ముందుగా పరీక్షకు పంపాలి.

ఛత్తీస్‌గఢ్‌లో ఆమె పేరు మితానిన్. స్నేహితురాలని అర్థం. దేశమంతటా ఆశా కార్యకర్తలు రావడానికి మూడేళ్ళ ముందే, 2002లో, అక్కడ ఆ పథకం మొదలైంది. ఒకే ఇంట్లో మనవడి జబ్బకు ఒక టేపు, నాయనమ్మ నడుముకు ఇంకో టేపు చుట్టాల్సిన రోజు వస్తుందని అప్పుడు ఎవరూ అనుకుని ఉండరు.

జగదల్‌పూర్ నుంచి కోంటా వైపు బస్సెక్కితే దర్భా ఘాటు దాటాక తోంగ్‌పాల్ వస్తుంది. సుక్మా జిల్లా మొదలయ్యే చోటు. ఊరి మీదుగా పోయే 30వ నంబరు జాతీయ రహదారి సుక్మా, కోంటా, చింతూరు, భద్రాచలం, కొత్తగూడెం తాకుతూ విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం దాకా వస్తుంది. చుట్టుపక్కల ధుర్వాలు మాట్లాడే పర్జీ మన తెలుగుకు దూరపు చుట్టం. మిరప కోతల కాలం రాగానే బస్తర్ కూలీలు ఈ దారినే ఖమ్మం, భద్రాద్రి, ములుగు జిల్లాలకు దిగుతారు. జబ్బు ముదిరితే సుక్మా, కోంటా వైపు వాళ్ళు భద్రాచలం ఆసుపత్రికొస్తారు. చింతపండు, ఇప్పపువ్వు, కూలీలు, రోగులు, అందరికీ అన్నిటికీ ఒకటే రోడ్డు. పేటెంటు ముగిసి చవకవుతున్న, బరువు తగ్గించే సూది కూడా ఈ రోడ్డే ఎక్కుతుంది. ధర దిగిన మందు పట్నం దాటకుండా ఆగిన దాఖలా లేదు.

అంబలి తాగి అడవికి పోయేవాళ్ళకు లావు తగ్గించే మందెందుకు అనిపించవచ్చు. నాకూ మొదట అలాగే అనిపించింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ముందేసుకుని కూచున్నాక ఆలోచన మారింది. ఛత్తీస్‌గఢ్ ఆడవాళ్ళలో నూటికి అరవై మందికి పైగా రక్తహీనతతో ఉన్నారు. ఇరవై ముగ్గురు ఉండాల్సిన బరువు లేరు. అదే సర్వేలో, అదే రాష్ట్రంలో, నూటికి పద్నాలుగు మంది ఉండాల్సిన దానికంటే బరువున్నారు. ఏడుగురిలో ఒకరన్నమాట. ఈ లెక్క ఆంధ్రప్రదేశ్‌లో ముప్పై ఆరు, తెలంగాణలో ముప్పై. హైదరాబాదులో డాక్టరు ముందు కూచున్న వరుసలో లావు ఎవరో కంటికే తెలుస్తుంది. తోంగ్‌పాల్ లాంటి చోట ఒకే బల్ల మీద 38 కిలోల మనిషీ, 84 కిలోల మనిషీ పక్కపక్కన కూచుంటారు. ఇద్దరికీ షుగరు ఉండొచ్చు. ఒకరికి ప్రాణం నిలబెట్టే మందు ఇంకొకరిని కూలదోస్తుంది. ఈ ఇద్దరినీ విడదీసి చూడగలిగిన క్లినిక్కే ఈ మందును చేతబట్టడానికి అర్హమైనదని నా నమ్మకం. అది అడవిలో ఉన్నా సరే, అమీర్‌పేటలో ఉన్నా సరే.

బల్లి నోటి నుంచి హైదరాబాద్ దాకా

మన పేగులు అన్నం పడగానే ఒక హార్మోను వదులుతాయి. పేరు జీఎల్‌పీ-1. షుగరు పెరిగినప్పుడు ఇన్సులిన్‌ను కదిలిస్తుంది, కడుపును నిదానంగా ఖాళీ చేయిస్తుంది, ఇక చాలని మెదడుకు కబురు పెడుతుంది. ఒంట్లో పుట్టిన నిమిషాల్లోనే విరిగిపోతుంది కాబట్టి అలాగే మందుగా ఇవ్వడానికి లేదు. అమెరికా ఎడారుల్లో తిరిగే గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి నోటి రసంలో దీన్నే పోలిన, త్వరగా విరిగిపోని పదార్థాన్ని జాన్ ఎంగ్ అనే వైద్యుడు కనిపెట్టాడు. దాని ఆధారంగా తయారైన ఎక్సెనటైడ్‌కు 2005లో అనుమతి వచ్చింది. రోజుకు రెండు సూదులు. తర్వాత లిరాగ్లుటైడ్, రోజుకు ఒకటి. 2017లో సెమాగ్లుటైడ్, వారానికి ఒకటి. ఓజెంపిక్, వెగోవీ అనే పేర్లలో ఉన్నది ఇదే. 2022లో రెండు హార్మోన్ల పని ఒక్కటే చేసే టిర్జెపటైడ్ వచ్చింది, మౌంజారో పేరుతో.

షుగరు కోసం మొదలైన మందులు బరువు మీద చూపిన ప్రభావం వైద్యులనే ఆశ్చర్యపరిచింది. 1,961 మంది మీద 68 వారాలు జరిగిన పరీక్షలో సెమాగ్లుటైడ్ సగటున 14.9 శాతం బరువు తగ్గించింది. ఉత్తుత్తి సూది వేసుకున్నవాళ్ళు 2.4 శాతం తగ్గారు. టిర్జెపటైడ్ పెద్ద మోతాదులో ఇరవై శాతం దాటింది. గుండెజబ్బు ఉండి, షుగరు లేని 17,604 మంది మీద చేసిన ఇంకో పరీక్ష 2023లో బయటికొచ్చింది. గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి చూస్తే ఇరవై శాతం తగ్గాయి. ఈ మందును సోకు కింద కొట్టిపారేసేవాళ్ళు ఆ లెక్క ఒకసారి చూడాలి. నూటపది కిలోల బరువుతో మోకాళ్ళు అరిగి, నిద్రలో ఊపిరాడక లేచి కూచునే మనిషికి ఇది అందం గొడవ కాదు.

మౌంజారో 2025 మార్చిలో మన దేశానికి వచ్చింది. అప్పట్లో రెండున్నర మిల్లీగ్రాముల సీసా 3,500 రూపాయలు, ఐదు మిల్లీగ్రాములది 4,375. నెలకు నాలుగు సీసాలు. అంటే రెండో నెలకే 17,500 రూపాయలు. ఆ ధర దగ్గరే అది కొద్ది నెలల్లో దేశంలో అమ్మకాల విలువలో మొదటి స్థానానికి చేరింది. జూన్‌లో వెగోవీ వచ్చింది, నవంబరులో ధర తగ్గించుకుంది. 2026 మార్చి 20న మన దేశంలో సెమాగ్లుటైడ్ పేటెంటు ముగిసింది. ఆ రోజు కోసం అందరికంటే ముందు కాచుకున్న కంపెనీల్లో మన హైదరాబాద్ కంపెనీలున్నాయి. డాక్టర్ రెడ్డీస్ 87 దేశాల్లో అమ్ముతామని 2025లోనే ప్రకటించింది. పేటెంటు లేని దేశాలకు ఎగుమతి చేసుకునే హక్కు కోసం ఢిల్లీ హైకోర్టులో పోరాడి ఆ డిసెంబరులో గెలిచింది. ఎయిడ్స్ మందుల ధర ప్రపంచమంతటా దిగొచ్చింది భారతీయ కంపెనీల వల్లే. హైదరాబాద్ అందులో పాలుపంచుకుంది. అదే పట్నం ఇప్పుడు ఈ సూదిని చవక చేస్తోంది. సంతోషమే. చవకైన రోజు నుంచే క్లినిక్కుల అసలు పరీక్ష మొదలవుతుంది. ఖరీదు ఇన్నాళ్ళూ ఒక గేటులా నిలబడింది. ఆ గేటు తీశాక కాపలా కాయాల్సింది డాక్టరే.

పిన్ని చెప్పిన మాట

మా పిన్ని ఖమ్మంలో ఉంటుంది. యాభై ఎనిమిదేళ్ళు, 82 కిలోలు. పన్నెండేళ్ళుగా షుగరు. రోజూ పొద్దున గ్లిమెపిరైడ్, సాయంత్రం ఇంకో బిళ్ళ. బాబాయి పోయాక నడక తగ్గింది, మోకాళ్ళు పట్టేశాయి. తెలిసినావిడ ఎవరో చెబితే ఒక మందుల షాపులో ఈ పెన్ను కొనుక్కుంది. కాగితం అడిగినవాళ్ళు లేరు. సూది ఎలా గుచ్చుకోవాలో షాపు కుర్రాడే చూపించాడు.

మూడో వారం మే నెల ఎండల్లో అన్నం సయించలేదు. రెండు ముద్దలు తిని లేచింది. అలవాటు ప్రకారం బిళ్ళ మాత్రం వేసుకుంది. పదకొండింటికి ఒళ్ళంతా చెమటలు, చేతుల్లో వణుకు, మాట తడబాటు. పక్కింటావిడ షుగరు తెలిసినావిడ కాబట్టి గబగబా పంచదార నీళ్ళు పట్టించింది. అప్పటికే రెండు రోజులుగా వాంతులు. ఆసుపత్రిలో రెండు రోజులు సెలైన్ ఎక్కించారు.

నేను వెళ్ళేసరికి మంచం మీద లేచి కూచుని ఉంది. "సూది మొదలెట్టినప్పుడు పాత బిళ్ళ తగ్గించాలంటగా. నాకెవరు చెప్పారురా?" అంది. కోపం లేదు ఆ మాటలో. అందుకే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

ఎవరూ చెప్పలేదు. ఎందుకంటే చెప్పే మనిషి ఆ వరుసలో లేడు. తయారుచేసిన కంపెనీ ఉంది, అమ్మిన షాపు ఉంది, గుచ్చుకున్న చెయ్యి ఉంది. మధ్యలో ఆమె వేసుకునే బిళ్ళలన్నీ ఒకసారి బల్ల మీద పరిపించి చూసే మనిషి లేడు. గ్లిమెపిరైడ్ తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను బయటికి నెడుతుంది. దాంతో కలిపి ఆకలి చంపే సూది పడితే షుగరు కింద పడుతుంది. ఇక గ్లిప్టిన్లు, టెనెలి, విల్డా, సిటా అని మన దగ్గర వాడుకలో ఉన్న బిళ్ళలు, ఈ సూదితో కలిపితే అదనంగా చేసే మేలు లేదు. డబ్బు దండగ. ఇవి వైద్యులందరికీ తెలిసిన సంగతులే. రోగి చెవిన వేయడానికి పది నిమిషాలు కావాలి. రోజుకు వందమందిని చూసే ఓపీలో ఆ పది నిమిషాలు లేవు. ఈ మందు మీద పెరిగే గిరాకీకి క్లినిక్ ఎలా సర్దుకోవాలన్న ప్రశ్న చివరికి ఆ పది నిమిషాలు ఎక్కణ్ణుంచి తేవాలన్న ప్రశ్నే.

సన్నని షుగరు

తోంగ్‌పాల్ వరుసలో కూచున్న ఆ 38 కిలోల మనిషి దగ్గరకు రావాలి ఇప్పుడు. పట్నంలో రాసే వ్యాసాల్లో అతను కనిపించడు.

షుగరంటే లావు, లావంటే షుగరు అని మన మనసుల్లో పడిపోయింది. సన్నగా, ఎముకలు తేలి, యవ్వనంలోనే షుగరు వచ్చేవాళ్ళు ఉష్ణదేశాల్లో ఉన్నారని 1955లో జమైకా నుంచి మొదటిసారి రాశారు. మన పక్కనే ఒడిశాలో, కటక్ వైద్యులు దశాబ్దాల పాటు ఇలాంటి రోగులను చూసి నమోదు చేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో పోషకాహార లోపపు మధుమేహాన్ని విడి రకంగా ఒప్పుకుంది. 1999లో ఆధారాలు చాలవని జాబితా నుంచి తీసేసింది. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు న్యూయార్కు పరిశోధకులతో కలిసి పట్టు వదలకుండా పనిచేసి 2022లో కొత్త ఆధారాలు చూపారు. వీళ్ళ ఒంట్లో ఇన్సులిన్ ఉత్పత్తే తక్కువ. లావుగా ఉన్న షుగరు రోగిలో ఇన్సులిన్ ఉన్నా సరిగా పనిచేయదు. వీళ్ళలో ఉన్న కొద్దిపాటి ఇన్సులిన్ బాగానే పనిచేస్తుంది. 2025 ఏప్రిల్‌లో బ్యాంకాక్‌లో జరిగిన అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య మహాసభ దీనికి టైప్ 5 అని పేరు పెట్టింది. ప్రపంచంలో రెండు, రెండున్నర కోట్ల మంది ఉంటారని అంచనా. విడి రకంగా చూడాలా వద్దా అని వైద్యుల్లో వాదన ఇంకా నడుస్తోంది. నడవనీయండి. సుక్మా జిల్లాలో డాక్టరుకు మాత్రం తన ముందున్న సన్నటి మనిషి సంగతి ఈ రోజే తేలాలి.

ఆ మనిషికి కావలసింది తిండి. ఆకలి. కొద్దిపాటి ఇన్సులిన్. అతనికి ఆకలి చంపే మందు ఇస్తే ఏమవుతుందో చెప్పడానికి పరీక్షలు అక్కర్లేదు. ఛత్తీస్‌గఢ్‌లోనే, బిలాస్‌పూర్ దగ్గర గనియారిలో జన స్వాస్థ్య సహయోగ్ ఆసుపత్రి ఉంది. అక్కడికొచ్చిన దాదాపు 1,700 మంది ఊపిరితిత్తుల క్షయ రోగులను తూచి చూశారు. మగవాళ్ళ మధ్యస్థ బరువు 42 కిలోలు, ఆడవాళ్ళది 34. ఆ అనుభవం నుంచి వచ్చిన అనురాగ్ భార్గవ, మాధవి భార్గవ దంపతులు తర్వాత జార్ఖండ్‌లో చేసిన పెద్ద పరీక్ష 2023లో అచ్చయింది. క్షయ రోగి కుటుంబానికి నెలనెలా బియ్యం, పప్పు, పాలపొడి, నూనె అందిస్తే ఇంట్లో మిగతావాళ్ళకు క్షయ రావడం దాదాపు నలభై శాతం తగ్గింది. తిండే మందై పనిచేసిన నేల ఇది. ఇక్కడ బరువు తగ్గడాన్ని ఎవరూ శుభవార్తగా మొదలుపెట్టకూడదు. నెలలో నాలుగు కిలోలు తగ్గిన మనిషిని చూస్తే ముందు కఫం పరీక్షకు పంపాలి.

రెండు చివర్ల మధ్య ఇంకో మనిషి ఉన్నాడు. చూడటానికి సన్నగానే ఉంటాడు, పొట్ట మాత్రం ముందుకొస్తుంది. 2004లో లాన్సెట్ పత్రిక ఒక ఫోటో వేసింది. పుణేకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్‌కిన్ పక్కపక్కన కూచున్నారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్‌కిన్‌కు 9 శాతం, యాజ్ఞిక్‌కు 21. తూకం మిషను ఇద్దరినీ ఒకేలా చూపింది. అందుకే మనవాళ్ళకు బీఎంఐ 23 నుంచే జాగ్రత్త, 25 నుంచే ఊబకాయం అని భారతీయ వైద్యులు గీత కిందికి జరిపారు. దేశంలో నూటికి దాదాపు నలభై మందికి పొట్ట చుట్టూ కొవ్వు ఉందని 2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే చెప్పింది. మొత్తం ఊబకాయం 28.6 శాతమే. ఈ రెండు అంకెల మధ్య తేడా పట్టుకునేది మితానిన్ చేతిలోని ఆ రెండో టేపే. ఖరీదు పది ఇరవై రూపాయలు ఉంటుందేమో.

గురువారం వరుస

ఇక క్లినిక్ లోపలికి వద్దాం. నా ఉద్దేశంలో మొదట మారాల్సింది వారం. బరువు మందులు అడిగేవాళ్ళను మామూలు ఓపీలో జ్వరాల మధ్య, దగ్గుల మధ్య చూడకూడదు. వారంలో ఒక పూట, గురువారం అనుకుందాం, వాళ్ళకే ఉంచాలి. మన పల్లెలకు ఇది కొత్త కాదు. టీకాలకు ఒక రోజు, గర్భిణులకు ఒక రోజు ఎప్పటి నుంచో ఉన్నాయి. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం సంతరోజునే సంతలో క్లినిక్ పెట్టే పథకాన్ని 2019లో మొదలుపెట్టింది. జనం వచ్చే రోజునే వైద్యం వెళ్ళాలని దాని వెనకున్న ఆలోచన. ఆ పూట డాక్టరు ఒక్కడే అన్నీ చేయనక్కర్లేదు. తూచడం, నడుము కొలవడం, బీపీ చూడటం, పాత చీటీలూ బిళ్ళలూ సంచితో సహా తెప్పించి పరిపించడం నర్సు పని. అప్పుడు డాక్టరు చేతికి మనిషి సిద్ధంగా వస్తాడు. ఆ పది నిమిషాలూ ఇక్కణ్ణుంచే పుడతాయి.

మొదటిరోజు సూది ఇవ్వకూడదు. కఠినంగా అనిపించవచ్చు కానీ నేను దీన్ని గట్టిగా నమ్ముతాను. మొదటిరోజు అడగడానికే సరిపోతుంది. ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్‌లో మెడుల్లరీ రకం క్యాన్సరు వచ్చిందా? క్లోమం వాపుతో ఎప్పుడైనా ఆసుపత్రిలో ఉన్నారా? పిత్తాశయంలో రాళ్ళున్నాయా? షుగరు రోగి అయితే కంటి వెనక పొర చూపించారా? షుగరు ఒక్కసారిగా దిగితే దెబ్బతిన్న కన్ను ఇంకా చెడవచ్చు. ఆడవాళ్ళనైతే బిడ్డ కోసం చూస్తున్నారా అని అడగాలి. సెమాగ్లుటైడ్ అయితే గర్భానికి కనీసం రెండు నెలల ముందే ఆపాలి. టిర్జెపటైడ్ మొదలెట్టినప్పుడు, మోతాదు పెంచిన ప్రతిసారీ నాలుగు వారాల పాటు గర్భనిరోధక బిళ్ళను నమ్ముకోవడానికి లేదు. బరువు తగ్గితే నెలసరి సరవుతుంది, అనుకోని గర్భం వస్తుంది. ఈ ముక్క అత్తగారి ముందు అడిగితే జవాబు రాదు. కోడలిని నర్సు విడిగా పిలిచి అడగాలి.

బస్తర్ లాంటి చోట ఈ జాబితాకు ఇంకొన్ని చేరతాయి. సికిల్ సెల్ ఉందా, క్షయ ఉందా, రక్తం ఎంత ఉంది. వాంతులతో ఒంట్లో నీరు తగ్గడం సికిల్ సెల్ ఉన్నవాళ్ళకు నొప్పుల సంక్షోభాన్ని తెచ్చిపెడుతుంది. అమెరికా మార్గదర్శకాల్లో ఇది పైవరుసలో కనిపించదు. ఇక్కడ మొదటి వరుసలో ఉండాలి.

మోతాదు నెలకో మెట్టు. సెమాగ్లుటైడ్ పావు మిల్లీగ్రాముతో మొదలై నాలుగు వారాలకోసారి పెరుగుతూ పూర్తి మోతాదు చేరడానికి నాలుగు నెలలు పడుతుంది. ఒక మెట్టు దగ్గర కడుపు తిప్పితే అక్కడే ఆగాలి, కిందికి దిగినా తప్పులేదు. త్వరగా తగ్గాలని రెండు మెట్లు ఒకేసారి ఎక్కేవాళ్ళతోనే ఆసుపత్రి మంచాలు నిండుతాయి. మొదటి నెల మధ్యలో నర్సు ఒక ఫోను చేస్తే చాలు. "అమ్మా, తింటున్నారా? నీళ్ళు తాగుతున్నారా? మలబద్ధకం ఉందా?" మూడు ప్రశ్నలు. కొత్తగూడెంలో, భద్రాచలంలో 45 డిగ్రీలు తాకే నెలల్లో ఈ ఫోను మూత్రపిండాలను కాపాడుతుంది. నా మాట అడిగితే, కుదిరితే ఏప్రిల్, మే నెలల్లో కొత్తవాళ్ళకు మొదలుపెట్టకపోవడం మంచిది.

ఎండ అనగానే ఫ్రిజ్ గుర్తుకొస్తుంది. తెరవని పెన్ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. గడ్డకడితే పారేయాలి. బయట ఉంచితే 30 డిగ్రీలు దాటకూడదు, అదీ లెక్కపెట్టిన రోజులే. రాత్రంతా కరెంటు పోయే ఊరికి, బస్సులో సంచిలో వచ్చే పెన్నుకు ఇది చిన్న షరతు కాదు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉండే టీకాల ఫ్రిజ్‌లో వేరే మందు పెట్టకూడదన్నది నియమం, అది సరైన నియమం. కాబట్టి ఈ మందులు ఇవ్వాలనుకున్న క్లినిక్ ముందు ఒక విడి ఫ్రిజ్, దానికో థర్మామీటరు, పొద్దున సాయంత్రం అంకె రాసే పుస్తకం కొనుక్కోవాలి. వాడిన సూదులు తిరిగి తీసుకునే డబ్బా కూడా. ఇవి లేకుండా మందు మాత్రం తెప్పించుకున్న చోట మొదటివారం నుంచే తప్పు జరుగుతున్నట్టు.

తిండి గురించి రెండు ముక్కలు చెప్పి పంపే అలవాటు మానాలి. తగ్గిన బరువులో నాలుగో వంతు నుంచి దాదాపు ఐదింట రెండు వంతుల దాకా కండలాంటి, కొవ్వు కాని భాగం ఉండవచ్చని పరీక్షల్లో తేలింది. యాభై దాటిన ఆడవాళ్ళకు ఆ కండే రేపు కిందపడకుండా కాపాడేది. ఆకలి తగ్గినప్పుడు మనవాళ్ళు ముందు వదిలేది కూర, పప్పు. మజ్జిగన్నం మాత్రం తిని పడుకుంటారు. అలా కాదు, పళ్ళెంలో ముందు గుడ్డో, చేపో, పప్పో, శనగలో తిని, మిగిలిన చోటే అన్నానికివ్వాలని చూపించాలి. పళ్ళెం పెట్టి చూపించాలి, చీటీ రాసివ్వడం కాదు. బస్తర్‌లో అయితే ఆ పళ్ళెం వాళ్ళదే అయి ఉండాలి. మండియా పేజ్ అని వాళ్ళు తాగే రాగి జావ, కోసరా అనే సామ బియ్యం, ఉలవలు, వాగు చేపలు. పట్నపు డైట్ చార్టులోని ఓట్స్, బాదంపప్పు అక్కడి సంతలో దొరకవు, దొరకనవసరం కూడా లేదు.

అన్నిటికంటే కష్టమైన మాట ఆపడం గురించి. సెమాగ్లుటైడ్ ఆపేసిన ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. దీన్ని మొదటిరోజే చెప్పాలి. చెప్పకుండా మొదలెట్టిన మనిషి డబ్బు కటకటైన నెల ఆపేస్తాడు. ఆరు నెలలకు బరువు తిరిగొస్తుంది. తప్పు తనదేననుకుని సిగ్గుతో మళ్ళీ క్లినిక్ గడప తొక్కడు. మన దగ్గర బీపీ బిళ్ళ విషయంలోనూ ఇదే చూస్తున్నాం. రిజిస్టరులో వచ్చినవాళ్ళ పేర్ల పక్కన, రానివాళ్ళ పేర్లకూ ఒక వరుస ఉండాలి. క్షయ మందులు మానేసిన రోగి ఇంటికి మితానిన్ వెళ్ళి తలుపు తట్టినట్టు, వీళ్ళకూ ఎవరో ఒకరు ఫోను చేయాలి.

ఎవరికి ముందు

డబ్బున్నవాడికే ముందు అందడం మందుల లోకంలో మామూలే. ఇంగ్లండు ఆ వరుసను తిరగరాసే ప్రయత్నం చేసింది. 2025 జూన్ నుంచి అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ టిర్జెపటైడ్‌ను కుటుంబ వైద్యుల ద్వారా ఇస్తోంది. మొదటి ఏడాది బీఎంఐ 40 దాటి, దాంతోపాటు బీపీ, షుగరు, గుండె లాంటి జబ్బులు నాలుగైనా ఉన్నవాళ్ళకే. దక్షిణాసియా మూలాలవాళ్ళకు ఆ గీత 37.5. మూడేళ్ళలో 2,20,000 మందికి అందించాలని లెక్క. ఇంకా త్వరగా ఇవ్వాలని అక్కడ విమర్శలున్నాయి. అయినా జబ్బు బరువును బట్టి వరుస కట్టడం నాకు నచ్చింది. 2030 నాటికి కూడా అవసరమున్నవాళ్ళలో పది శాతం లోపే అందుకోగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 డిసెంబరులో హెచ్చరించింది. అంతకుముందు సెప్టెంబరులో, షుగరుతో పాటు గుండె లేదా మూత్రపిండాల జబ్బు, ఊబకాయం ఉన్నవాళ్ళ కోసం ఈ మందులను అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. మన ప్రభుత్వాలు ఆ జాబితా వైపు చూడాలి. జగదల్‌పూర్ మెడికల్ కాలేజీ గుమ్మం దగ్గర గుండె బలహీనపడి, షుగరు ముదిరి, వంద కిలోలు దాటి కూచున్న పోలీసు జవానో, బడి పంతులో ఉంటే అతని వంతు పెళ్ళికి సన్నబడాలనుకునే పట్నవాసి కంటే ముందుండాలి.

మన పల్లెల్లో ఆర్ఎంపీలను మరిచి ఏ లెక్కా వేయలేం. జ్వరమొస్తే మొదట వెళ్ళేది వాళ్ళ దగ్గరికే. సూది అంటే నమ్మకం ఉన్న చోట, వారానికొక సూదితో బరువు తగ్గుతుందన్న మాట చాలా వేగంగా పాకుతుంది. నకిలీ ఓజెంపిక్ మూడు దేశాల్లో పట్టుబడిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జూన్‌లోనే హెచ్చరిక జారీచేసింది. ఇది ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మకూడని మందు. ఆ నియమం కాగితం మీద ఉంది. దాన్ని షాపు కౌంటరు దగ్గర నిలబెట్టడం ఔషధ నియంత్రణ శాఖ పని. క్లినిక్కులు చేయగలిగింది వేరే ఉంది. పెన్ను అమ్మకం మీద క్లినిక్‌కు రాబడి ఉండకూడదు. చూసినందుకు ఫీజు తీసుకోవాలి, తిరిగొచ్చినప్పుడు చూసినందుకూ తీసుకోవాలి. మోతాదు పెంచితే లాభం పెరిగే ఏర్పాటులో మంచి డాక్టరు చేయి కూడా తెలియకుండానే పైమెట్టు వైపు పోతుంది. సన్నబరిచే బిళ్ళలు మనకు కొత్త కాదు. సిబుట్రమైన్ అని ఒకటి ఇలాగే ఊరూరా నడిచి, గుండెకు చేటని తేలాక 2011లో మన దేశంలో నిషేధానికి గురైంది. ఇప్పటి మందులు దానికంటే ఎంతో మేలైనవి, పరీక్షలకు నిలిచినవి. అందుకే వీటిని చేజేతులా పాడు చేసుకోకూడదని నా ఆరాటం.

పిన్ని ఇప్పుడు ఇంకో డాక్టరుగారి దగ్గరికి వెళ్తోంది. ఆయన మొదటిరోజు సూది రాయలేదు. పాత బిళ్ళల సంచి తెమ్మన్నాడు, గ్లిమెపిరైడ్ సగానికి తగ్గించాడు, కంటి డాక్టరు దగ్గరికి పంపాడు. వర్షాలు పడ్డాక మొదలుపెట్టాడు. బడిపిల్లల నోటు పుస్తకంలో గడులు గీసి ఇచ్చింది అక్కడి నర్సు. తారీఖు, బరువు, నడుము, మోతాదు, తిన్నది. ఐదో గడిలో పిన్ని తన గుండ్రటి అక్షరాలతో "గుడ్డు, పప్పు, ఒక కప్పు అన్నం" అని రాస్తుంది. మొన్న నేను తోడు వెళ్ళాను. 76 కిలోలు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవమన్నాడు, లేచింది.

"ఇది ఎన్నాళ్ళు వాడాలి డాక్టరుగారూ?" అని అడిగింది.

ఆయన పుస్తకంలో తరువాతి తారీఖు వేస్తూ, "చాలాకాలం పట్టొచ్చమ్మా. మధ్యలో డబ్బు ఇబ్బందైతే ఆపేసి ఇంట్లో కూచోవద్దు, నా దగ్గరికి రండి. మోతాదు సంగతి కలిసి చూద్దాం" అన్నాడు. పిన్ని పుస్తకం సంచిలో పెట్టుకుంది.